పాలమూరు మీటర్ గేజ్ మొదలు పదిహేను అంగుళాల పట్టాల దాకా

రైలు పట్టాల వెడల్పు, అంటే రెండు పట్టాల నడుమ ఉండే దూరం (దీన్నే గేజ్ అంటారు) విషయంలో మన దేశానికి ఒక లెక్క ఉంది, బయటి ప్రపంచానికి మరొక లెక్క ఉంది. మన రైల్వే ఉద్యోగుల వాడుకలో 1676 మిల్లీమీటర్లది బ్రాడ్ గేజ్, 1000 మిల్లీమీటర్లది మీటర్ గేజ్, అంతకన్నా సన్నగా 762 లేదా 610 మిల్లీమీటర్లు ఉన్నది మాత్రమే న్యారో గేజ్. ప్రపంచంలో ఎక్కువ దేశాలు ప్రామాణికంగా పెట్టుకున్న కొలత 1435 మిల్లీమీటర్లు కాబట్టి, బయటివాళ్ళు దానికి తక్కువగా ఉన్నదంతా న్యారో గేజ్ కిందే జమకడతారు. ఆ లెక్కన చూస్తే, కాచిగూడ నుంచి షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు, డోన్ దాకా వెళ్ళే లైనుకు 1990లలో గేజ్ మార్పిడి జరిగే వరకూ మా పాలమూరు వాళ్ళం ప్రయాణించింది న్యారో గేజ్ బండిలోనే. ఈ మాట అంటే మా పెద్దవాళ్ళు ఒప్పుకోరు. న్యారో గేజ్ అంటే వాళ్ళ దృష్టిలో కొండల మీద నడిచే పిల్లల బండి. తాము ఎక్కినది పట్నం పోయే అసలైన రైలు.

వారి అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు. పట్టాల వెడల్పును చూసి లైను తాహతును అంచనా వేయడం తొందరపాటు. వేసిన నాడు చేతిలో ఎంత సొమ్ముంది, మోయవలసిన సరుకు ఏమిటి, నేల ఎలాంటిది అనే ప్రశ్నలకు ఆనాటి వాళ్ళు చెప్పుకున్న జవాబే గేజ్. కొన్ని చోట్ల ఆ జవాబు చాలా తెలివైనది, కొన్ని చోట్ల అది వేసినవాడి సరదా. ఈ రెండు రకాల సంగతులనూ చాలాకాలంగా పోగుచేసుకుంటున్నాను. వాటిలో నాకు బాగా నచ్చినవి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మన మీటర్ గేజ్ పుట్టుకే ఒక వింత. బ్రాడ్ గేజ్ ఖర్చు భరించలేక అంతకన్నా సన్నని పట్టాలు వేయాలని భారత ప్రభుత్వం నిశ్చయించుకుంది గానీ, ఎంత సన్నగా వేయాలన్న దగ్గర ఇంజనీర్లకు ఏకాభిప్రాయం కుదరలేదు. కొందరు రెండడుగుల తొమ్మిది అంగుళాలు చాలన్నారు, జాన్ ఫౌలర్ మూడడుగుల ఆరు అంగుళాలు ఉండాలన్నాడు. 1870లో వైస్రాయి లార్డ్ మేయో ఇద్దరికీ మధ్యగా మూడడుగుల మూడు అంగుళాలు ఖాయం చేశాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే దేశంలో మెట్రిక్ కొలతలు ప్రవేశపెట్టాలన్న ఆలోచన కూడా ప్రభుత్వంలో సాగుతూ ఉండడంతో, ఆ కొలతను కొద్దిగా పెంచి సరిగ్గా ఒక మీటరు చేశారు. మెట్రిక్ కొలతలు మాత్రం అప్పుడు రానే లేదు. వాటికోసం 1956 నాటి చట్టం దాకా ఆగవలసి వచ్చింది. అంటే సేర్లు, మణుగులు, గజాలు, కోసులు చలామణి అయిన దేశంలో ఎనభై ఏళ్ళకు పైగా సామాన్యుడికి మీటరు తారసపడింది ఒక్క రైలు పట్టాల నడుమనే.

నిజాం రాజ్యంలో 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చిన మొదటి లైను బ్రాడ్ గేజ్. ఆ తరువాత గోదావరి లోయ మీదుగా మన్మాడ్ వెళ్ళే లైనును, ఇటు మహబూబ్‌నగర్ వైపు లైనును మీటర్ గేజ్‌లో వేశారు కాబట్టి సికింద్రాబాదు రెండు రకాల పట్టాలు కలిసే చోటు అయింది. నల్లగొండ మిత్రులకు ఈ అనుభవం లేదు. బీబీనగర్–నడికుడి లైను స్వాతంత్ర్యం వచ్చాక వేసినది కావడం వల్ల అది పుట్టుకతోనే బ్రాడ్ గేజ్.

న్యారో గేజ్ చరిత్రకు తల్లివేరు బ్రిటన్‌లోని వేల్స్‌లో ఉంది. అక్కడ బ్లైనై ఫెస్టినియోగ్ కొండల్లో ఇళ్ళ పైకప్పులకు వాడే పలకరాయి దొరుకుతుంది. మన వైపు తాండూరు బండలు ఎక్కువగా కాళ్ళ కింద పరుచుకుంటాం గానీ అక్కడివాళ్ళు రాతిని పలుచని రేకులుగా చీల్చి కప్పు మీద పరుస్తారు. ఆ రాయిని పోర్త్‌మాడాగ్ రేవుకు దించడానికి 1832లో పార్లమెంటు చట్టంతో కంపెనీ ఏర్పడింది, 1836లో లైను మొదలైంది. పట్టాల వెడల్పు 597 మిల్లీమీటర్లు, అంటే రెండడుగులకు అర అంగుళం తక్కువ. గనుల్లో అప్పటికే చేతితో, గుర్రాలతో లాగుతున్న బండ్ల కొలత అది. ఇంజను లేదు, అవసరమూ లేదు. లైను మొత్తం గని నుంచి రేవు వరకూ ఒకే తీరుగా వాలి ఉండేటట్టు వేశారు కాబట్టి రాయి నింపిన బండ్ల వరుస తన బరువుతోనే ఇరవై కిలోమీటర్లు దిగి వచ్చేది, బ్రేకు పట్టుకున్న మనుషులు దాని వేగాన్ని అదుపు చేసేవారు. ఖాళీ బండ్లను పైకి లాగవలసిన గుర్రాలు కూడా అదే బండ్ల వరుస చివరన తమకోసం కట్టిన పెట్టెలో నిలబడి గడ్డి మేస్తూ కిందికి వచ్చేవి. ఈ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా నచ్చేది గుర్రాల సుఖమే.

పలకరాయికి గిరాకీ పెరిగి గుర్రాలు చాలనప్పుడు, అంత సన్నని పట్టాల మీద ఆవిరి ఇంజను పనిచేస్తుందా అని సందేహించిన వాళ్ళు ఎందరున్నా, 1863లో ఆ ఫెస్టినియోగ్ రైల్వే కంపెనీ ఇంజన్లు తెచ్చింది. 1865లో ప్రయాణికులను కూడా ఎక్కించుకుంది. ఆ తరువాత రాబర్ట్ ఫెయిర్లీ తన వింత ఇంజనును అక్కడ దించాడు. రెండు బాయిలర్లను వీపుకు వీపు ఆనించి, మధ్యలో నిప్పుగూడు పెట్టి, మొత్తాన్ని రెండు తిరిగే చక్రాల బండ్ల మీద నిలిపిన ఆ ఇంజనుకు ముందూ వెనకా ఒకే రూపం. ఎటు తిప్పినా అదే ముఖం కాబట్టి మలుపుల్లోనూ, తిరుగు ప్రయాణంలోనూ ఇబ్బంది లేదు. 1870లో దాని పనితనం చూడడానికి రష్యా నుంచి అధికారులు కూడా వచ్చారు. రెండడుగుల లోపు పట్టాలతో నిజమైన రైల్వే నడపవచ్చని, లాభాలూ తీయవచ్చని అక్కడ రుజువైన తరువాతే న్యారో గేజ్ ప్రపంచమంతా పాకింది. అమెరికాలోని కొలరాడో కొండల్లో మూడడుగుల పట్టాలు పరచిన డెన్వర్ అండ్ రియో గ్రాండ్ కంపెనీ పుట్టింది కూడా 1870లోనే. దాని శాఖల్లో 1882లో పూర్తయిన డురాంగో–సిల్వర్‌టన్ లైను మీద ఇప్పటికీ బండ్లు నడుస్తున్నాయి. ఫెస్టినియోగ్‌లో మాత్రం ఆవిరి వచ్చాక కూడా సరుకు దిగువకు తన బరువుతోనే రావడం మానలేదు; 1939 దాకా ఆ పద్ధతి సాగింది. ఊరికే వచ్చే భూమి ఆకర్షణ ఉండగా బొగ్గెందుకు తగలబెట్టాలి!

కొండలకు సన్నని పట్టాలు ఎందుకు అనుకూలమో ఒక చిన్న లెక్క చెబుతుంది. రైలు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కాబట్టి మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవలసి రావడం ఇబ్బంది కలిగిస్తుంది. బండి ఒక పూర్తి వలయం తిరిగిందనుకుంటే, బ్రాడ్ గేజ్‌లో బయటి పట్టా లోపలి పట్టాకన్నా పదిన్నర మీటర్లు పొడవు ఉంటుంది. 610 మిల్లీమీటర్ల గేజ్‌లో ఆ తేడా నాలుగు మీటర్లకు లోపే. అందుకే చిన్న గేజ్ బండి చాలా గట్టి మలుపులు తిరగగలదు. కొండను తొలవకుండా, లోయను పూడ్చకుండా, కొండ చర్మాన్ని అంటుకుని వెళ్ళిపోవచ్చు. ఖర్చు తగ్గేది ప్రధానంగా ఇక్కడే. ఇనుములో మిగిలేది దానితో పోలిస్తే తక్కువ.

మన దేశంలోని మూడు కొండ రైళ్ళు ఇదే సమస్యకు మూడు వేరు వేరు జవాబులు ఇవ్వడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. 1879లో పని మొదలై 1881లో పూర్తయిన డార్జిలింగ్ లైను 610 మిల్లీమీటర్లది. ఇంజను పళ్ళ చక్రంతో పట్టుకుని ఎక్కడానికి పట్టాల నడుమ బిగించే పళ్ళ పట్టా దానికి లేదు. ఎత్తు ఎక్కడానికి అది ఒకచోట తన పట్టాల మీదుగానే చుట్టు తిరిగి పైకి వస్తుంది, మరొకచోట ముందుకు వెళ్ళి, ఆగి, వెనక్కు నడిచి, మళ్ళీ ముందుకు సాగుతుంది. చక్రాలు జారకుండా ఆవిరి ఇంజను ముందు భాగాన మనుషులు కూర్చుని పట్టాల మీద చేతితో ఇసుక వేస్తారు. సముద్ర మట్టానికి 2258 మీటర్ల ఎత్తున ఉన్న ఘూమ్ స్టేషను దాకా ఈ విధంగానే వెళతారు. 1903లో తెరిచిన కాల్కా–సిమ్లా లైను 762 మిల్లీమీటర్లది. అది సొరంగాలనూ, అంతస్తులు అంతస్తులుగా కట్టిన కమానుల వంతెనలనూ నమ్ముకుంది. 96 కిలోమీటర్లలో 102 సొరంగాలున్నాయి. దీనిని మొదట రెండడుగుల గేజ్‌లోనే తలపెట్టారు గానీ సైన్యం పట్టుబట్టడంతో రెండున్నర అడుగులకు మార్చారు. నీలగిరి లైను మీటర్ గేజ్. కల్లార్, కూనూరుల మధ్య పన్నెండు అడుగులు ముందుకు వెళితే ఒక అడుగు పైకి లేచే ఏటవాలు ఉండడంతో, పట్టాల నడుమ పళ్ళున్న ఇనుప కడ్డీలు బిగించి, ఇంజను కింది పళ్ళ చక్రం వాటిలో ఇరుక్కుంటూ ఎక్కే ఏర్పాటు చేశారు. స్విట్జర్లాండుకు చెందిన రోమన్ ఆబ్ట్ కనిపెట్టిన పద్ధతి ఇది. కూనూరు వరకు 1899లో, ఊటీ వరకు 1908లో రైలు వచ్చింది. ఈ మూడూ ఇప్పుడు యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్నాయి.

మైదానాల్లో మన న్యారో గేజ్ కథలకు ఇంత పేరు రాలేదు గానీ అవి తక్కువవి కావు. 1862లో బరోడా గాయక్వాడ్ దభోయ్ నుంచి మియాగామ్‌కు వేయించిన లైను దేశంలోనే తొలి న్యారో గేజ్. దాని మీద బండ్లను లాగినవి ఎద్దులు. 1897లో షోలాపూరు ప్రాంతంలో మొదలైన బార్సీ లైట్ రైల్వే ఇంజనీర్లకు పాఠంలాంటిది. దానిని రూపొందించిన ఎవరార్డ్ కాల్త్రాప్, ఇంజనైనా పెట్టె అయినా ఏ ఇరుసు మీదా ఐదు టన్నులకు మించి బరువు పడకూడదని నియమం పెట్టుకున్నాడు. బరువు అన్ని ఇరుసులకూ సమంగా పంచితే పలుచని పట్టా, తేలికపాటి వంతెన చాలు, అదే సమయంలో ఒక్కో పెట్టెలో ఎక్కువ సరుకు పడుతుంది. తెలుగు నేలకు సంబంధించి పర్లాకిమిడి రాజు నౌపడా నుంచి తన ఊరికి 762 మిల్లీమీటర్ల లైను వేయించి 1900లో తెరిపించాడు. 1931లో దానిని గుణుపురం దాకా పొడిగించారు. 2004లో ఆగిపోయిన ఆ లైను ఇప్పుడు బ్రాడ్ గేజ్.

రాజుల సరదాకు పరాకాష్ఠ గ్వాలియరులో చూడవచ్చు. గ్వాలియర్ నుంచి షియోపూర్ దాకా సుమారు 200 కిలోమీటర్లు 610 మిల్లీమీటర్ల పట్టాల మీద 2020 వరకు బండి నడిచింది. ఆ సింధియా వంశం వారి జయ్ విలాస్ భవనంలో భోజనాల బల్ల మీద మరొక రైల్వే ఉంది. విద్యుత్తుతో నడిచే వెండి బండి విందు ముగిశాక అతిథుల ముందు నుంచి బ్రాందీనీ, చుట్టలనూ మోసుకుంటూ తిరుగుతుంది. ఎవరైనా సీసాను పైకి ఎత్తితే ఆగిపోతుంది, తిరిగి పెడితే కదులుతుంది. పట్టాలు తక్కువైతే ఎలాగన్న ప్రశ్నకు పటియాలా సంస్థానం ఇచ్చిన జవాబు ఇంకా విచిత్రమైనది: 1907లో అక్కడ ఒకే పట్టా మీద బండి నడిపారు. బరువు దాదాపు అంతా ఆ పట్టా మీద, పక్కన రోడ్డు మీద దొర్లే పెద్ద చక్రం ఒకటి అది ఒరిగిపోకుండా కాస్తుంది. దాని ఇంజను ఢిల్లీ జాతీయ రైలు మ్యూజియంలో ఉంది.

విచిత్రమైన కొలతల వెనుక సాధారణంగా ఏదో ఒక పాత కారణం దాగి ఉంటుంది. స్వీడన్‌లో 891 మిల్లీమీటర్ల గేజ్ ఎందుకని వెతికితే అది సరిగ్గా మూడు స్వీడిష్ అడుగులు అని తేలుతుంది. స్టాక్‌హోంలో ఆఫీసులకు వెళ్ళేవాళ్ళు రోజూ ఎక్కే ఒక శివారు లైను నేటికీ ఆ కొలతలోనే నడుస్తోంది. డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారం లోపలి రైలు 559 మిల్లీమీటర్లది. దాని చిన్న ఇంజన్లను ఎత్తి పెద్ద పట్టాల మీది ప్రత్యేకమైన బండిలో కూర్చోబెడితే, ఆ చిన్న ఇంజను తిప్పే చక్రాలతోనే ఆ పెద్ద బండి నడిచేది. ఫ్రాన్సులో దెకోవిల్ కుటుంబం పొలాల్లో చక్కెర దుంపలు మోయడానికి, పట్టాలూ స్లీపర్లూ కలిపి ముక్కలుగా బిగించి ఎక్కడికైనా మోసుకుపోగల రైలును తయారుచేసింది. 1889 పారిస్ ప్రదర్శనలో ఆ 60 సెంటీమీటర్ల బండి అరవై లక్షల మందికి పైగా ప్రయాణికులను తిప్పింది. పాతికేళ్ళు గడిచేసరికి మొదటి ప్రపంచ యుద్ధంలో అదే కొలత పట్టాలు కందకాల దాకా గుండ్లను మోశాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ చెరకు తోటల్లో ఇప్పటికీ దాదాపు 4000 కిలోమీటర్ల రెండడుగుల పట్టాలున్నాయి. మన సింగరేణి భూగర్భ గనుల్లో బొగ్గు టబ్బులు దొర్లినవీ సన్న పట్టాల మీదే.

నేల కింద అంటే మరో రెండు నగరాలను తలచుకోవాలి. లండన్ తపాలా శాఖ 1927లో వీధుల కింద 610 మిల్లీమీటర్ల రైలును నడపడం మొదలుపెట్టింది. డ్రైవరు లేని ఆ విద్యుత్ బండ్లు 2003 వరకు ఉత్తరాలు మోశాయి. ఇవాళ డ్రైవరు లేని మెట్రో అని మనం గొప్పగా చెప్పుకునేది ఉత్తరాల సంచులకు వందేళ్ళ కిందటే దక్కింది. చికాగో నగరం కింద దాదాపు వంద కిలోమీటర్ల రెండడుగుల సొరంగాలు ఉండేవి. పై భవనాలకు బొగ్గు చేర్చడం, బూడిద తీసుకుపోవడం వాటి పని. 1959లో ఆ కంపెనీ మూతపడ్డాక అందరూ మరచిపోయిన ఆ సొరంగాలలోకి 1992లో నది నీరు దూకి, నగర నడిబొడ్డులోని భవనాల నేలమాళిగలను ముంచెత్తింది.

చిన్న గేజ్ అంటే బలహీనమైనది అనుకునేవారికి దక్షిణాఫ్రికాను చూపిస్తే చాలు. అక్కడి పట్టాలు 1067 మిల్లీమీటర్లవి, మన పాత మీటర్ గేజ్‌కన్నా కేవలం రెండున్నర అంగుళాలు ఎక్కువ. సిషెన్ నుంచి సల్దాన్యా రేవుకు ఇనుప ఖనిజం మోసే 861 కిలోమీటర్ల లైను మీద 1989లో 660 బండ్లతో ఏడు కిలోమీటర్లకు పైగా పొడవైన రైలును నడిపి చూపించారు. అదే గేజ్ మీద 1978లో గంటకు 245 కిలోమీటర్ల వేగం కూడా సాధించారు. 2022 అక్టోబరు 29న స్విట్జర్లాండులోని రేషియన్ రైల్వే తన మీటర్ గేజ్ మీద వంద పెట్టెలు తగిలించి, సుమారు 1.9 కిలోమీటర్ల పొడవైన ప్రయాణికుల రైలును కొండల్లోంచి దించి ప్రపంచ రికార్డు సృష్టించింది.

ఇక మినియేచర్ రైల్వేలు. న్యారో గేజ్‌కూ వీటికీ తేడా ఏమిటంటే, న్యారో గేజ్‌లో పట్టాలు చిన్నవైనా బండి మనిషికి సరిపోయేటట్టు ఉంటుంది; మినియేచర్‌లో అసలు రైలునే కుదించి నమూనాగా చేస్తారు. రెండింటికీ నడుమ నిలబడిన మనిషి ఇంగ్లండులోని సర్ ఆర్థర్ హేవుడ్. పెద్ద ఎస్టేట్లలో బొగ్గూ ఇటుకలూ మోయడానికి పనికివచ్చే అతి చిన్న గేజ్ ఎంత అని ఆలోచించి, 1874లో తన ఇంటి దగ్గరే పదిహేను అంగుళాల, అంటే 381 మిల్లీమీటర్ల పట్టాలు వేసి ప్రయోగాలు చేశాడు. 1896లో వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూక్ ఎస్టేటుకు ఒక లైను వేశాడు గానీ, ఆయన ఆశించినంతగా కొనుగోలుదారులు రాలేదు. సరుకు కోసం ఆయన ఎంచుకున్న ఆ కొలతను తరువాత వినోదమే అందిపుచ్చుకుంది.

ఆ పదిహేను అంగుళాల లైన్లలో పేరెన్నికగన్నది కెంట్ తీరంలోని రోమ్నీ, హైత్ అండ్ డిమ్‌చర్చ్ రైల్వే. కారు పందెగాళ్ళు ఇద్దరు, కౌంట్ లూయీ జ్బొరోవ్‌స్కీ, కెప్టెన్ హోవీ, తమకంటూ ఒక ప్రధాన రైలు మార్గం కావాలని కోరుకున్నారు. జ్బొరోవ్‌స్కీ ఇంజన్లకు ఆర్డరు ఇచ్చాక 1924లో మోంజా పందెంలో చనిపోయాడు. హోవీ పని కొనసాగించి 1927లో లైను తెరిచాడు. ఇంజన్లు అసలు ఎక్స్‌ప్రెస్ ఇంజన్లలో మూడో వంతు. 1435లో మూడో వంతు 478 కావాలి, పట్టాల వెడల్పు మాత్రం 381 మిల్లీమీటర్లే, కాబట్టి ఆ ఇంజన్లు తమ పట్టాల కన్నా భుజాలు బాగా బయటికి చాచినట్టు కనిపిస్తాయి. సుమారు 22 కిలోమీటర్ల ఈ లైను మీద రెండో ప్రపంచ యుద్ధంలో కవచం తొడిగిన రైలు పహరా తిరిగింది, సముద్రం అడుగున ఇంధనం పంపే గొట్టాల పనికి సరుకు మోసింది. యుద్ధం ముగిశాక 1947లో దానిని తిరిగి ప్రారంభించినవారు హాస్యనటులు లారెల్, హార్డీ. చాలా ఏళ్ళు బడి పిల్లలు రోజూ ఈ బండిలోనే చదువుకు వెళ్ళారు. దీనిని ఆట బండి అనడానికి నాకు మనసొప్పదు.

అంతకన్నా చిన్నవాటిలో, అంటే ఏడుంపావు అంగుళాల పట్టాల మీద, మనిషి పెట్టె లోపల కాక దాని వీపు మీద గుర్రమెక్కినట్టు కూర్చోవాలి. 1950లో వాల్ట్ డిస్నీ తన పెరట్లో వేసుకున్న రైలు ఈ కొలతదే. ఐదేళ్ళ తరువాత డిస్నీలాండ్‌లో మాత్రం ఆయన నిజమైన మూడడుగుల గేజ్ పెట్టించాడు. హైదరాబాదు జూ పార్కు టాయ్ ట్రైన్ ఎక్కని మా తరం పిల్లలు అరుదు గానీ, బుడాపెస్ట్ పిల్లల అదృష్టం వేరు. 1948లో అక్కడ మొదలైన 760 మిల్లీమీటర్ల, పదకొండు కిలోమీటర్ల లైనులో ఇంజను నడపడం తప్ప టికెట్లు, సిగ్నళ్ళు, పాయింట్లు మార్చడం, బండికి పచ్చజెండా ఊపడం అన్నీ పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలే చూస్తారు. ఇలాంటి పిల్లల రైల్వేలలో మొదటిది 1935లో టిబిలిసిలో వచ్చింది.

ఇన్ని సుగుణాలున్నా ఈ లైన్లు ఎందుకు పోయాయంటే, ప్రధాన కారణం గేజ్ మారే చోటు. చిన్న పట్టాల మీద వచ్చిన బస్తాలను దించి, పెద్ద పట్టాల మీది వ్యాగన్‌లోకి మళ్ళీ ఎక్కించడానికి అయ్యే కూలీ, పోయే సమయం, చిరిగే సంచులు కలిపి, పట్టాలు వేసిన నాడు ఆదా చేసినదానిని కొద్దికొద్దిగా తినేస్తాయి. లారీలు వచ్చాక ఆ భారం మోయలేనిదైంది. 1992లో భారతీయ రైల్వే లైన్లన్నిటినీ ఒకే గేజ్‌కు మార్చే యూనిగేజ్ పథకం చేపట్టింది అందుకే; మహబూబ్‌నగర్ లైను మార్పిడిని నేను తప్పుపట్టను. అయితే వేల్స్‌లోని తాలిలిన్ రైల్వేను మూసివేత అంచున 1951లో స్వచ్ఛంద కార్యకర్తలు చేతుల్లోకి తీసుకుని నడిపిన తీరు, ప్రపంచంలో అలాంటి తొలి ప్రయత్నం, మన మీటర్ గేజ్ ముక్కలలో కొన్నిటికైనా దక్కి ఉండవలసింది. మధ్యప్రదేశ్‌లో పాతాళ్‌పానీ–కాలాకుండ్ మధ్య ఒక ముక్కను వారసత్వ రైలుగా ఉంచారు, అది సంతోషం.

మన వైపు నుంచి మీటర్ గేజ్ ఎక్కాలనుకునేవారికి నా సలహా మెట్టుపాళయం. అక్కడి నుంచి కూనూరు దాకా ఇంజను బండిని లాగదు, వెనక నుంచి నెడుతుంది. అందువల్ల అన్నిటికన్నా ముందున్న పెట్టెలో చోటు దొరికితే పళ్ళ పట్టా, వంతెనలు, సొరంగాల ముఖద్వారాలు ఏ అడ్డూ లేకుండా కనిపిస్తాయి. టికెట్లు మాత్రం చాలా ముందుగానే తీసుకోవాలి.